‘ఆఫీసర్’ అని పేరు మారిస్తే ఓటీ (ఓవర్‌టైమ్) పోతుందా?

రియాక్టర్‌బాబు: పటాన్‌చెరు వైపు ఒక బల్క్ డ్రగ్ కంపెనీలో చేస్తున్నా. కెమిస్ట్‌గా ఉన్నన్నాళ్లూ ఓటీ వచ్చేది, ఈమధ్య ‘అసిస్టెంట్ ఆఫీసర్’ అని లెటర్ చేతిలో పెట్టి, ఇక నువ్వు స్టాఫ్, స్టాఫ్‌కి ఓటీ ఉండదు అంటున్నారు. పని మాత్రం అదే, రియాక్టర్ ఛార్జింగ్, బ్యాచ్ రికార్డు రాయడం, రిలీవర్ రాకపోతే ఇంకో నాలుగ్గంటలు అక్కడే ఉండటం. ఎవరికైనా ఇలా అయిందా?

పాత ఫిట్టర్: లెటర్లో ఏం రాశారన్నది కాదు తమ్ముడూ, నువ్వు చేసే పనేంటన్నదే చూస్తారు. 1994లో ఎస్.కె. మైనీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఇదే (ఆ కేసులో ఆయన ఓడిపోయాడులే, షాపు మొత్తం ఆయన చేతిమీదే నడిచేది మరి). నీ కింద ఎవరున్నారు? వాళ్ల లీవులు నువ్వు సాంక్షన్ చేస్తావా?

రియాక్టర్‌బాబు: ఇద్దరు హెల్పర్లు. నా లీవే నేను బతిమాలుకోవాలి అన్నా, వాళ్లకి నేనేం ఇస్తా.

హెచ్ఆర్ మనిషినే: తిట్టకండి, ఉన్నమాట చెప్తున్నా. 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లో ఉన్నాయి. సూపర్‌వైజర్ పని చేస్తూ వేతనం నెలకి 18,000 దాటితే వర్కర్ కిందికి రారు, అంటే ఓటీ హక్కు ఉండదు. రెండూ ఉండాలి, జీతం దాటినంత మాత్రాన సరిపోదు. మేనేజర్ పని అయితే మాత్రం జీతం ఎంతైనా వర్కర్ కాదు. ఇద్దరు హెల్పర్లకి పని చెప్పినంత మాత్రాన, రోజంతా తనే వాల్వులు తిప్పేవాడిని సూపర్‌వైజర్ అనడం కష్టమే. మా వాళ్లు అంటారు, అది వేరే సంగతి.

జీడిమెట్ల నైట్‌షిఫ్ట్: మరి కాంట్రాక్టు వాళ్ల సంగతి? మాకు ఓటీ సింగిలే ఇస్తున్నారు, అడిగితే కాంట్రాక్టర్‌ని అడగమంటారు, ఆయనేమో ఫోనే ఎత్తడు.

పాత ఫిట్టర్: కాంట్రాక్టర్ ద్వారా వచ్చినా వర్కరే, 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే ఉంది అది. ఓటీ అంటే డబుల్, పాత చట్టంలోనూ కొత్త కోడ్‌లోనూ. కాంట్రాక్టర్ ఎగ్గొడితే కంపెనీయే కట్టాలి. ఇంకోటి, ఆ డబుల్ కూడా బేసిక్ మీదే లెక్కేసి చేతులు దులుపుకుంటారు, డీఏ కలిపారా లేదా స్లిప్పులో చూసుకో. అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే, ఆ దాటిన భాగం కొత్త కోడ్ ప్రకారం వేతనంలోనే కలుస్తుంది.

హెచ్ఆర్ మనిషినే: అవును, కానీ అదే లెక్క 18,000కీ వర్తిస్తుంది. బాబూ, నీ స్లిప్పు కూడా ఓసారి అలా కూడుకుని చూడు.

రియాక్టర్‌బాబు: ఇప్పుడేం దాచుకోవాలి?

జీడిమెట్ల నైట్‌షిఫ్ట్: పంచింగ్ టైములు, ఆగమని సార్లు పెట్టే వాట్సాప్ మెసేజీలు. బ్యాచ్ రికార్డు ఫోటో మాత్రం తీయకు బ్రో, దాన్నే సాకుగా పెట్టి పంపించేస్తారు. క్లెయిమ్‌కి కొత్త కోడ్‌లో మూడేళ్ల గడువుంది.