కొలంబియా షటిల్‌లోని ఏడుగురికి నిజం చెప్పి ఉండాల్సిందా?

సూళ్లూరుపేట_శ్రీను
మా పాప ఎనిమిదో తరగతి. బడిలో కల్పనా చావ్లా మీద మాట్లాడాలంట. రాత్రి అన్నం తింటూ తెలిసినవన్నీ చెప్పా. కర్నాల్‌లో పుట్టింది, చండీగఢ్‌లో ఇంజినీరింగు చదివింది, 1997లో మొదటిసారి అంతరిక్షంలోకి వెళ్లింది కూడా కొలంబియా అనే స్పేస్ షటిల్‌లోనే, 2002లో మన షార్ (శ్రీహరికోట) నుంచి ఎగిరిన వాతావరణ ఉపగ్రహం మెట్‌శాట్‌కి తర్వాత ఆమె పేరే పెట్టారు అని. అంతా విని ఒకటే అడిగింది: "రెక్క దెబ్బతిందని వాళ్లకి తెలుసా నాన్నా?" నాకు ముద్ద దిగలేదు.

తెలియనివాళ్ల కోసం: 2003 జనవరి 16న కొలంబియా లేచిన 82 సెకన్లకి బయటి ఇంధన ట్యాంకు మీది గట్టి నురుగు (ఫోమ్) ముక్క ఒకటి ఊడి ఎడమ రెక్క అంచుకి కొట్టుకుంది. ముక్క బరువు కిలో కూడా లేదు. పదహారు రోజులు పైన పనిచేసుకుని, ఫిబ్రవరి 1న దిగుతుంటే ఆ దెబ్బ తగిలిన చోటునుంచి మంటలాంటి గాలి రెక్కలోకి దూరింది. నేల తాకడానికి ఇంకా పదహారు నిమిషాలుందనగా టెక్సాస్ మీద షటిల్ ముక్కలైపోయింది. కల్పనతో సహా లోపలున్న ఏడుగురూ పోయారు.

నాసాలో పెద్ద పదవుల్లో పనిచేసిన వేన్ హేల్ 2013లో ఒక మాట బయటపెట్టాడు. షటిల్ ఇంకా పైన ఉండగానే మిషన్ ఆపరేషన్స్ డైరెక్టర్ జాన్ హార్‌పోల్డ్ తనతో అన్నాడట: ఉష్ణకవచం దెబ్బతిన్నా మనం చేయగలిగింది లేదు, తెలియకపోతేనే మేలేమో, గాలి అయిపోయేదాకా చావు కోసం కాచుకుని ఉండేకంటే సంతోషంగా పని ముగించుకుని దిగేటప్పుడు అనుకోకుండా పోవడం నయం కదా అని. ఆయన అన్నది సబబేనా? మీరేమంటారు?

కాకినాడ_మేష్టారు
సబబే అంటానండి. వాళ్లు ఆఖరున తీసుకున్న వీడియో టేపు టెక్సాస్‌లో దొరికింది. చూశారా? లారెల్ క్లార్క్ కెమెరా పట్టుకుంది. కిటికీ బయట మెరుపులు చూసి ఒకళ్లకొకళ్లు చూపించుకుంటున్నారు, నవ్వుకుంటున్నారు. ఇంకో పావుగంటకి ఎవరూ లేరు. ముందే చెప్పి ఉంటే ఆ నవ్వు ఉండేదా? ఎనిమిదేళ్ల కొడుకుని ఇంట్లో వదిలొచ్చిన తల్లి ఆవిడ. అన్ని రోజులు ఆ బెంగతో గడపాల్సి వచ్చేది కదండీ.

ఓరుగల్లు_ఇంజినీర్
మొదలే తప్పు. "చెప్పలేదు" అని ఎవరన్నరు? జనవరి 23న ఫ్లైట్ డైరెక్టర్ స్టీవ్ స్టిచ్ కమాండర్ రిక్ హస్బెండ్‌కు, పైలట్ మెకూల్‌కు మెయిల్ పంపిండు. నురుగు తగిలిందని అందులనే ఉంది. తర్వాత వీడియో క్లిప్ గూడ పంపిన్రు. చెప్పిన్రు. ముందు గది ఒప్పుకోన్రి, తర్వాత చర్చ.

బందరు_లడ్డు
2003లో డిగ్రీలో ఉన్నా. హాస్టల్ టీవీ ముందు యాభైమంది, ఒక్కడు కదల్లేదు.

తెనాలి_వాణి
ఇంజినీర్ గారూ, ఆ మెయిల్‌లో ఇంకేముందో కూడా చెప్పండి. నిపుణులు చూశారు, ఇలాంటిది వేరే ప్రయాణాల్లోనూ జరిగింది, దిగడానికి ఏ భయమూ లేదు, విలేకరులెవరైనా అడిగితే మీరు తెల్లబోకూడదని చెబుతున్నాం, అంతే. హస్బెండ్ థాంక్స్ అని జవాబు కూడా ఇచ్చాడు. అది చెప్పడమా?

ఓరుగల్లు_ఇంజినీర్
చెప్పుడే. సమాచారం ఇచ్చిన్రు, అంచనా తప్పింది. దాచుడు వేరు, అంచనా తప్పుడు వేరు.

హ్యూస్టన్_రమణ
మేష్టారూ, "చేయగలిగింది లేదు" అన్న మాట దగ్గరే ఆగిపోకండి. ప్రమాదం మీద వేసిన గెహ్మన్ బోర్డు అడిగితే నాసానే లెక్క కట్టింది. పైన కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చే లిథియం హైడ్రాక్సైడ్ డబ్బాలని పొదుపుగా వాడుకుంటే ఫిబ్రవరి 15 దాకా బతకొచ్చు. ఇంకో షటిల్ అట్లాంటిస్ అప్పటికే మార్చి 1 ప్రయాణానికి తయారవుతోంది. రాత్రింబవళ్లు పనిచేసి, ఏ తేడా రాకపోతే ఫిబ్రవరి 10కి ఎగరేయొచ్చు. చాలా కష్టం, కానీ అసాధ్యం కాదన్నారు. పంపే అట్లాంటిస్‌కీ అదే నురుగు గండం ఉంది, అది నిజమే.

కాకినాడ_మేష్టారు
"ఏ తేడా రాకపోతే" అని మీరే అన్నారు. అదంతా జరిగిపోయాక కాగితం మీద వేసిన లెక్క. ఆ ఏడుగురూ ప్రమాదం తెలియకుండా ఎక్కినవాళ్లు కారు. జనవరి 28న, ఛాలెంజర్ షటిల్ పేలిపోయి పదిహేడేళ్లయిన రోజున, హస్బెండ్ అక్కడినుంచే అందులో పోయినవాళ్లనీ, అంతకుముందు అపోలో 1లో పోయినవాళ్లనీ తలుచుకున్నాడు. చావుకి సిద్ధపడే వెళ్లారు. ఇంక రోజులు లెక్కపెట్టించడం ఎందుకు?

అనకాపల్లి_బెల్లం
ఓం శాంతి. ఏడుగురికీ.

తెనాలి_వాణి
సిద్ధపడటం అంటే ఏంటో హస్బెండ్‌నే చూడండి. వెళ్లేముందు ఇద్దరు పిల్లలకీ రోజుకొక వీడియో చొప్పున, ఒక్కొక్కరికి పదిహేడు రికార్డు చేసి పెట్టాడు, ప్రార్థనలతో సహా. కల్పన అస్థికలు ఆమె కోరినట్టే యూటాలోని జయాన్ పార్కులో కలిపారు. చెప్పాల్సినవి వీళ్లకి చాలా ఉన్నాయి. పైన ఉండగా ఇలాన్ రమోన్ రాసుకున్న డైరీ కాగితాలు మంటల్లోంచి పడి టెక్సాస్ పొలాల్లో దొరికాయి. నిజం తెలిసుంటే వాటిలో ఇంకేం రాసేవాడో! ఆ పేజీలు వాళ్ల పిల్లలకి దక్కకుండా చేసే హక్కు కింద కూర్చున్నవాళ్లకి ఎవరిచ్చారు?

ఓరుగల్లు_ఇంజినీర్
మళ్లా అదే! నిజం వాళ్లకు తెలిస్తే గద చెప్పేది. కింద ఎవ్వరికీ తెల్వదు. మెయిల్‌ను పట్టుకొని ఏడ్చుడు బంద్ చెయ్యున్రి.

తెనాలి_వాణి
ఏడుస్తున్నానా? సరే, ఏడుస్తున్నాననే అనుకోండి. మా ఆయనకి కడుపులో నొప్పి వస్తే ఒక పెద్దాసుపత్రిలో స్కాన్ తీశారు. రిపోర్టు మా మామగారికీ బావగారికీ చెప్పారు. నాకు చెప్పలేదు, ఆయనకీ చెప్పలేదు. "చిన్న పుండు, భయం లేదు, మందులతో పోతుంది" అన్నారు. అచ్చం మీ మెయిల్ లాగే! తగిలిందని చెప్పారు, భయం లేదనీ చెప్పారు. పంతొమ్మిది రోజులకి పోయాడు. చివరి ఆదివారం, వేసవికి అరకు పోదామని బస్సు టికెట్ల సంగతి మాట్లాడాడు నాతో. నేను కూడా నవ్వుతూ ఊకొట్టాను. మేష్టారు ఆ టేపులో నవ్వు చూసి సంతోషపడుతున్నారు. నాకు ఆ నవ్వు చూస్తే కడుపు రగిలిపోతుంది.

బందరు_లడ్డు
అక్కా...

కాకినాడ_మేష్టారు
అమ్మా వాణీ, సంతోషపడుతున్నాననకు. మా నాన్నగారి విషయంలో దాచిపెట్టింది నేనే. డాక్టరు నన్ను పక్కకి పిలిచి చెప్పాడు. ఆరు నెలలు ఎవరికీ తెలియనివ్వలేదు. ఆయన రోజూ గోదావరి గట్టున నడిచొచ్చి, పేపరు చదివి, మనవడితో చదరంగం ఆడేవారు. తెలిసుంటే మంచం పట్టేసేవారు. నువ్వు ఇప్పుడు హార్‌పోల్డ్‌ని తిడుతుంటే నన్ను తిట్టినట్టే ఉంది నాకు. అందుకే ఇంత గట్టిగా వాదిస్తున్నా, ఒప్పుకుంటున్నాను.

ఓరుగల్లు_ఇంజినీర్
వాణి గారూ, ఆ మాట అనకూడకుండె. మన్నించండి.

కాని నా గోస వేరే. మీరిద్దరు "తెలిసి చెప్పాల్నా, దాచాల్నా" అని కొట్లాడుతున్నరు. అక్కడ తెలుసుకోనే లేదు! ఫొటోలు తీయించున్రి, గూఢచారి ఉపగ్రహాలతోని రెక్కను చూడున్రి అని ఇంజినీర్లు మూడు దిక్కుల నుంచి అడిగిన్రు. సైన్యం కదిలింది గూడ, జనవరి 22న నాసా పైవాళ్లే ఆపిన్రు. రాడ్నీ రోచా అనే ఇంజినీర్ కోపంతోని ఒక మెయిల్ రాసి, పంపకుండనే పెట్టుకున్నడు. ప్రమాదమైనంక జులైల అదే నురుగును గన్నుతోని రెక్క అంచు ప్యానెల్ మీదికి పేలిస్తే మూరెడు వెడల్పు రంధ్రం పడ్డది. అప్పటిదాంక నురుగు ఏం చేస్తదని నవ్వినోళ్లే ఎక్కువ. "చేయగలిగింది లేదు" అనుకున్నోడు ఎందుకు చూస్తడు? హార్‌పోల్డ్ మాటల దయ ఉన్నట్టు అనిపిస్తది, కాని ఆ ఆలోచనే కండ్లు మూసింది. నేను పనిచేసిన ప్లాంటుల బాయిలర్ పైపు మీద గీత కనబడితె టెస్టు చేయించున్రని మూడుసార్లు రాసిన. "దొరికితే షట్‌డౌన్ చెయ్యాలె గద" అన్నరు. మా దోస్తు చెయ్యి కాలింది. అందుకే నాకు దాచినోని కంటె చూడనోని మీద కోపం.

హ్యూస్టన్_రమణ
మీరు మొదటే ఇది అంటే సగం గొడవ ఉండేది కాదు. తర్వాత ఎగిరిన షటిళ్లన్నీ పైకి వెళ్లగానే పొడవాటి కడ్డీకి కెమెరాలు కట్టి రెక్కల్ని చూసుకునేవి. చూడటం అలవాటైంది.

తెనాలి_వాణి
మేష్టారూ, మిమ్మల్ని తిట్టలేదు. ఒకటి అడుగుతాను. ఆ ఆరు నెలల్లో మీ నాన్నగారు ఎప్పుడూ అడగలేదా?

కాకినాడ_మేష్టారు
ఒకసారి అడిగారమ్మా. చదరంగం బల్ల సర్దుతూ. "ఏరా, డాక్టరు నాకు చెప్పనిదేమైనా నీకు చెప్పాడా" అని. నేను కాఫీ తెస్తానని లేచెళ్లిపోయాను. మళ్లీ అడగలేదాయన.

సూళ్లూరుపేట_శ్రీను
నేను ఇంతవరకూ మాట్లాడలేదు, అన్నీ చదువుతూ ఉన్నా. ఆ మెయిల్ సంగతి పాపకి చదివి వినిపించా. "అయితే తెలుసు, కానీ తెలియదు, అంతేనా" అంది. తన మాటల్లో అదీ పెడతానంటోంది. పెట్టమన్నాను.

ఓరుగల్లు_ఇంజినీర్
తారీఖు జనవరి 23 అని కరెక్టుగ రాయమనున్రి బిడ్డను. ఫొటోలు అడిగిన సంగతి గూడ.