చతురస్రం గీసి దీర్ఘచతురస్రం అంటే తప్పా?

కర్నూలు నుంచి ఒక తండ్రి:
మా అమ్మాయి ఆరో తరగతి పరీక్షలో ‘దీర్ఘచతురస్రం గీయండి’ అన్న ప్రశ్నకు నాలుగు సెంటీమీటర్ల భుజాలతో చతురస్రం గీసింది. మార్కు రాలేదు. చతురస్రాన్ని దీర్ఘచతురస్రం అనవచ్చునా, కూడదా? తెలిసినవారు కారణంతో సహా చెప్పగలరని మనవి.

ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని, కడప:
మార్కు ఇవ్వకపోవడమే సరి. ఆకారాలకు పేర్లు పెట్టుకున్నది ఒకదాన్నుంచి మరొకదాన్ని వేరుచేసి చూపడానికే. క్రీ.పూ. 300 ప్రాంతంలో యూక్లిడ్ తన ‘ఎలిమెంట్స్’ మొదటి భాగంలో, కోణాలన్నీ లంబకోణాలై భుజాలన్నీ సమానమైనది చతురస్రమనీ, లంబకోణాలుండీ భుజాలన్నీ సమానం కానిది దీర్ఘచతురస్రమనీ స్పష్టంగా విడదీశాడు. తాడిపత్రిలో నాపరాళ్లు కొనేవారు కూడా చదరపు రాయి వేరుగా, పొడుగు రాయి వేరుగానే అడుగుతారు. పదకొండేళ్ల పిల్లకు ముందు ఆ తేడా కంటికి ఆనాలి.

గణిత అధ్యాపకుడు, అనంతపురం:
అమ్మా, రాళ్లు కొనేచోట మీ మాట నిలుస్తుంది, రుజువు దగ్గర నిలవదు. యూక్లిడ్ విభజన నేటి గణితానికి సరిపడక, నాలుగు కోణాలూ లంబకోణాలైన ప్రతి చతుర్భుజమూ దీర్ఘచతురస్రమేనని ఇప్పటి పాఠ్యపుస్తకాలు నిర్వచిస్తున్నాయి. దీర్ఘచతురస్రంలో కర్ణాలు, అంటే ఎదురెదురు మూలలను కలిపే గీతలు, సమానమని ఒకసారి రుజువు చేస్తే అది చతురస్రానికీ వర్తిస్తుంది. రెండింటినీ వేరు జాతులుగా ఉంచితే అదే రుజువును రెండుసార్లు రాయాలి.

ఘనాకారాల్లో ఈ సంగతి ఇంకా తేటగా కనిపిస్తుంది. సమఘనం ఒక దీర్ఘఘనం, దీర్ఘఘనం ఒక పట్టకం. అందుకే ఘనపరిమాణం కనుక్కోవడానికి భూవైశాల్యాన్ని, అంటే అడుగు ముఖపు వైశాల్యాన్ని, ఎత్తుతో గుణించే ఒకే సూత్రం మూడింటికీ చాలుతుంది. పేరు విడదీయడానికే అయితే ‘షణ్ముఖి’ అన్న పేరు ఏం విడదీస్తుంది? ఆరు ముఖాలూ ఎనిమిది శీర్షాలూ ఉన్న సమఘనమూ షణ్ముఖే, ఆరు ముఖాలూ ఆరు శీర్షాలే ఉన్న పంచభుజ పిరమిడ్డూ షణ్ముఖే. పేరు ఒక లక్షణాన్ని చెబుతుంది, ఆ లక్షణం ఉన్నవాటన్నిటినీ తనలో చేర్చుకుంటుంది.

ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని, కడప:
అన్నిటినీ చేర్చుకుంటూ పోతే చిక్కులు కూడా వస్తాయి కదండీ. కనీసం ఒక జత సమాంతర భుజాలుంటే ట్రెపీజియం అంటే సమాంతర చతుర్భుజమూ ట్రెపీజియమే అవుతుంది. మిగిలిన రెండు భుజాలు సమానం కనుక అది సమద్విబాహు ట్రెపీజియం కూడా కావాలి. సమద్విబాహు ట్రెపీజియంలో కర్ణాలు సమానమని మనమే చెబుతాం. ఒరిగి ఉన్న సమాంతర చతుర్భుజంలో అవి సమానం కావు. మీ రుజువు అక్కడ ఏమవుతుంది?

గణిత అధ్యాపకుడు, అనంతపురం:
చాలా బలమైన ఆక్షేపణ. అక్కడ సరిచేయవలసింది నిర్వచనాన్ని: భుజాలు సమానమనే బదులు, ఒక భూమి, అంటే సమాంతర భుజాల్లో ఒకటి, దాని మీది రెండు కోణాలు సమానమని చెప్పాలి. అప్పుడు ఒరిగిన సమాంతర చతుర్భుజం బయట ఉండిపోతుంది, దీర్ఘచతురస్రం లోపలికి వస్తుంది, కర్ణాల రుజువు చెక్కుచెదరదు. చేర్చుకునే పద్ధతికి ఇంతటి జాగ్రత్త అవసరమన్నది నిజమే, కానీ ఆ జాగ్రత్తే గణితం.

ఆ అమ్మాయికి మార్కు రావాలి. పొడుగు ఆకారమే కావాలనుకుంటే, పొడవు, వెడల్పు వేర్వేరుగా ఉన్న దీర్ఘచతురస్రం గీయమని ప్రశ్నలోనే అడగాలి.