ప్యూపా నుంచి ఆర్‌ఎన్‌ఏ ఏ గంటకు తీయాలి?

అందరికీ నమస్కారం. మాది అనంతపురం, ఎమ్మెస్సీ జువాలజీ చదువుతున్నాను. పాపువా న్యూగినీలో క్వీన్ అలెగ్జాండ్రా బర్డ్‌వింగ్ అనే సీతాకోకచిలుక అంతరించిపోయే ప్రమాదంలో ఉంది. రెక్కలు చాచితే ఆడది 25 సెంటీమీటర్లు దాటుతుంది. దాని రూపవిక్రియలో, అంటే పురుగు ప్యూపాగా (గూడు దశ), తర్వాత సీతాకోకచిలుకగా మారేటప్పుడు, ఏ జన్యువు ఎప్పుడు పనిచేస్తుందో దాని ఆర్‌ఎన్‌ఏ (జన్యువు పనిచేసినప్పుడు తయారయ్యే నకలు) కొలిచి చూడాలని నా ఆశ. కానీ దాన్ని ముట్టుకునే వీలెక్కడ? అందుకే అదే కుటుంబానికి చెందిన నిమ్మ సీతాకోకచిలుకతో మొదలుపెట్టాను. మా బత్తాయి తోటలో దీని పురుగులకు కొదవ లేదు (మందు కొట్టొద్దని నాన్నను బతిమాలాను, ఇంకా గొణుగుతూనే ఉన్నారు).

జువెనైల్ హార్మోన్ ఉన్నంతకాలం కేఆర్-హెచ్1 జన్యువు పురుగును పురుగుగానే ఉంచుతుంది. ఆ హార్మోన్ తగ్గి, పొర విడిచేలా చేసే ఎక్డైసోన్ హార్మోన్ పెరిగాక బ్రాడ్ జన్యువు ప్యూపాకు, తర్వాత ఈ93 (E93) జన్యువు రెక్కల దశకు దారితీస్తాయి. ఇంతవరకు అర్థమైంది.

నా టెన్షన్ వేరే. ఈ మూడింటి మార్పు పట్టుకోవాలంటే ప్యూపా కట్టిన ఎన్ని గంటలకోసారి శాంపిల్ తీయాలి? క్యూపీసీఆర్‌లో (ఆర్‌ఎన్‌ఏ ఎంత ఉందో కొలిచే పరీక్ష) పోల్చడానికి, మారకుండా ఉంటుందనుకునే యాక్టిన్ జన్యువు సరిపోతుందా? అవయవాలన్నీ మారే దశలో అదీ మారదా అని నా అనుమానం. మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ దగ్గర్లో లేదు, తోట నుంచి ల్యాబ్‌కు ఎండలో గంట ప్రయాణం. ఆర్‌ఎన్‌ఏ చెడకుండా ఎలా తెచ్చుకోవాలి? చేసి చూసినవాళ్లు చెప్పండి, ప్లీజ్.