సమస్య: కడపటను నిల్చువాఁడె యగ్రగుఁడు గాదె

మొన్న ఆదివారం పొద్దున హనుమకొండ చౌరస్తాలో చాయ్ తాగుతూ నలుగురు సినిమా మిత్రులు ఒక పెళ్లిపత్రిక వెనుక తెలుగు దర్శకుల పేర్లు వరుసగా రాసి, ఎవరిది ఎన్నో స్థానమో తేలక, రాసినవి కొట్టేసి మళ్లీ రాస్తుంటే నేను పక్కనే కూర్చుని చూశాను. గంట గడిచేసరికి కె.వి. రెడ్డి మూడుసార్లు పైకెక్కి రెండుసార్లు కిందికి దిగారు. బి.యన్. రెడ్డికి 1974లో ఫాల్కే పురస్కారం వచ్చింది గనుక ఆయనే మొదటివాడని ఒకరు వాదిస్తే, ఆ లెక్కన 1980లో ఫాల్కే అందుకున్న మన కరీంనగర్ బిడ్డ పైడి జైరాజ్ కూడా హిందీలో దర్శకత్వం చేసినవాడే కదా, ఆయన పేరు ఏదీ అని మరొకరు అడిగారు. దానికి ఎవరి దగ్గరా జవాబు లేదు.

ఆ వాదంలోంచి పుట్టిందే ఈ వారపు సమస్య. తేటగీతి నాలుగో పాదం ఇస్తున్నాను. మొదటి మూడు పాదాలు మీరు పూరించాలి, విషయం దర్శకుల గొప్పతనమే కావాలి.

కడపటను నిల్చువాఁడె యగ్రగుఁడు గాదె

పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు (గణమంటే లఘుగురువుల గుంపు). నాలుగో గణం మొదటి అక్షరం యతిస్థానం, అంటే పాదం మొదటి అక్షరంతో దానికి మైత్రి కుదరాలి. ప్రాస నియమం లేదు. అగ్రగుడంటే ముందు నడిచేవాడు. వెనుక నిలిచినవాడు ముందు నడిచేవాడెలా అయ్యాడన్నదే చిక్కు.

జనగామ మిత్రుని పూరణ

నటుల పేరులు మొదటను నడచి రాగ
పాటగాండ్రును గెమెరాయుఁ బరఁగ నడుమ
తెరను దర్శకు నామమ్ము చివర నిలిచె
కడపటను నిల్చువాఁడె యగ్రగుఁడు గాదె

నా మాట: టైటిల్స్‌లో దర్శకుని పేరు చివరన పడుతుందన్న దారి అందరికీ కనిపించేదే, ఇదే భావంతో మరో నాలుగు పూరణలు వచ్చాయి గనుక వాటిని విడిగా ఇవ్వడం లేదు. ధార బాగుంది. అయితే మూడో పాదంలో ‘తె’కు ‘చి’తో యతి వేశారు, తవర్గానికి చవర్గంతో మైత్రి లేదు. ‘చివర దర్శకు నామమ్ము చేరి నిలుచు’ అంటే యతి కుదురుతుంది, అర్థమూ చెడదు.

జనగామ మిత్రుడు: సవరణ శిరోధార్యం, సారూ. కాని మా బమ్మెర పోతనను తెరకెక్కించి 1943లో దర్శకుడైన కె.వి. రెడ్డిని మనసులో పెట్టుకునే ఈ పద్యం రాశాను.

నా మాట: మనసులో ఉన్నాడు గాని పద్యంలో లేడు. అక్కడే నా అసలు ఫిర్యాదు. ఈ చిక్కు ఆసిఫాబాద్ నుంచి వచ్చిన పూరణలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది కనుక అందులో మూడో పాదం ఒక్కటే ఇక్కడ ఇస్తున్నాను.

రాజమౌళి సినిమాకు రథము పట్టె

‘రాజ’ హగణం, సరే. ‘మౌళి సి’ భగణం, అదీ సరే. ఆ తరవాత ‘నిమాకు’ అన్నచోట లఘువు, గురువు, లఘువు పడి జగణమైంది. అది ఇంద్రగణాల్లో లేదు. ‘సినిమా’ తీసి ‘చిత్రము’ పెడితే చాలు: ‘రాజమౌళి చిత్రమునకు రథము పట్టె’. ‘త్ర’కు ముందున్న ‘చి’ గురువై ‘మౌళి చి’ రగణమవుతుంది, ‘త్రమునకు’ నలమవుతుంది. గణాలు తేరుకున్నాయి. ఇప్పుడు ‘రాజమౌళి’ని తీసి ‘రాఘవేంద్ర’ను పెట్టి చదవండి: ‘రాఘవేంద్ర చిత్రమునకు రథము పట్టె’. గణం చెడలేదు, యతి చెడలేదు, బాధేమిటంటే అర్థం కూడా చెడలేదు. పేరు మార్చినా చెక్కుచెదరని పొగడ్త ఎవరిదీ కాదు. ఇద్దరు దర్శకుల్లో ఎవరు గొప్పో తేల్చే ముందు, ఒకరికి చెప్పిన మాట మరొకరికి అతకకుండా చెప్పగలమా అని చూసుకోవాలి. పెళ్లిపత్రిక వెనుక జరిగిన వాదంలో నాకు లోటనిపించింది ఇదే.

ఆసిఫాబాద్ మిత్రుడు: 2023 మార్చిలో పాటకు ఆస్కార్ వచ్చింది ఒక్క రాజమౌళి చిత్రానికే కదా, అది ఇంకొకరికి ఎట్లా అతుకుతుంది?

నా మాట: అతకదు, నిజమే. కాని ఆ సంగతి మీ పద్యంలో లేదు, ‘రథము పట్టె’ అని మాత్రమే ఉంది. పైగా ఆ గౌరవం పాట కట్టిన కీరవాణికీ రాసిన చంద్రబోస్‌కూ దక్కింది. అన్నిటికంటే, మీ పద్యంలో ఆయన ఎక్కడా కడపట నిలవలేదు. చిక్కు లేని చోట విప్పేదేముంటుంది?

హనుమకొండ మిత్రుని పూరణ

పాండవులు లేని భారత భాగమందు
నవ్వు పూయించి మన యింట నాఁడు నేఁడు
కేవి రెడ్డియుఁ దెర వెన్క గీత గీచి
కడపటను నిల్చువాఁడె యగ్రగుఁడు గాదె

నా మాట: ఈ పద్యం చదివి రెండు నిమిషాలు కాగితం పక్కన పెట్టాను. 1957 నాటి ‘మాయాబజార్’లో కథంతా పాండవుల పక్షాన నడుస్తుంది, కాని పాండవులు అయిదుగురిలో ఒక్కరూ తెరమీద కనిపించరు. ఎన్నిసార్లు చూసినా ఆ లోటు మనకు తట్టదు, ఎందుకంటే వాళ్ల బరువంతా ఘటోత్కచుడు మోస్తాడు. దర్శకుడు ఏం చూపించాడన్నది సరే, ఏం చూపించకుండా నెగ్గుకొచ్చాడో కూడా ఈ మిత్రుడు పట్టుకున్నాడు. ‘రెడ్డియుఁ’ అన్నచోట ఉన్న ఆ చిన్న ‘యు’ గమనించండి: పాండవులు ఎలా మరుగున ఉన్నారో తీసినవాడూ అలాగే మరుగున ఉన్నాడని ఒక్క అక్షరంతో చెప్పాడు. ఇక్కడ మరో దర్శకుని పేరు పెట్టి చూడండి, పద్యం కూలిపోతుంది.

పరకాల నుంచి విశ్రాంత తెలుగు పండితులు: భావం బాగుంది నాయనా, కాని ‘భారత భాగ’మన్నది నిలవదు. వ్యాసభారతంలో అభిమన్యుని పెళ్లి ఉత్తరతో జరిగింది. శశిరేఖ అక్కడ లేదు, జనం చెప్పుకున్న కథలోంచి వచ్చింది. ‘పాండవులు లేని పాండవ పక్ష కథను’ అంటే దోషం పోతుంది, మాటకు మాట ఎదురు నిలిచి చమత్కారం కూడా పెరుగుతుంది.

హనుమకొండ మిత్రుడు: పండితులవారికి నమస్కారం. నా మొదటి పాదాన్ని వెనక్కు తీసుకుని మీ పాదాన్నే పెట్టుకుంటున్నాను.

కాజీపేట మిత్రుని పూరణ

శంకరాభరణమ్మును సంతరించి
తెరకు నిచ్చిన దినమునఁ దిరిగి పోయె
విశ్వనాథుండు, శబ్దంపు వెనుక బల్లఁ
గడపటను నిల్చువాఁడె యగ్రగుఁడు గాదె

నా మాట: ‘శంకరాభరణం’ విడుదలైంది 1980 ఫిబ్రవరి 2న, విశ్వనాథ్ కన్నుమూసింది 2023 ఫిబ్రవరి 2న. ‘తిరిగి పోయె’ అన్న మాటలో ఆ రెండు తేదీలనూ ముడివేసిన తీరు బాగుంది. ఇది నా పేరు మార్పు పరీక్షకు కూడా నిలుస్తుంది, కాని నాకు తృప్తి కలగలేదు. తేదీలు కలవడం పంచాంగం చేసిన పని, దర్శకుడు చేసింది కాదు. నా పరీక్ష ఒక్కటే సరిపోదని ఈ పద్యం చూశాకే తెలిసింది. దీని బలమంతా మూడో పాదంలో ఉంది. ఆయన మద్రాసు వాహినీ స్టూడియోలో శబ్దగ్రహణ శాఖలో పని మొదలుపెట్టినవాడు. చిత్రీకరణ జరిగేచోట అందరి వెనుక కూర్చుని చెవులతో సినిమా నేర్చుకున్నవాడు. పాటను అంత ఓపికగా వినిపించిన దర్శకుడు శబ్దం బల్ల దగ్గరి నుంచి వచ్చాడంటే ఆ రెండిటికీ సంబంధముంది. తేదీ సంగతి వదిలేసి ఆ బల్ల మీదే మూడు పాదాలూ నడిపి ఉంటే ఈ పద్యం ఇంకా పైన ఉండేది.

ములుగు మిత్రుడు: ఒక సందేహం. సమస్య ‘కడపటను’ అని ఇచ్చారు, వీరు ‘గడపటను’ అన్నారు. అలా మార్చవచ్చునా?

నా మాట: మార్చవచ్చు. ముందున్న ‘బల్లఁ’ ద్రుతంతో, అంటే నకారంతో, ముగిసింది గనుక కకారం గకారమైంది. సంధివల్ల వచ్చిన మార్పు సమస్యను చెరిపినట్లు కాదు. యతి కూడా చెడలేదు.

కరీంనగర్ మిత్రురాలి పూరణ

గడిని నీళ్ళు మోసెడి దాసి కంటి నీరు
మాట లేకయే తెరమీఁద మనకుఁ జూపె;
దాసి గడపకు నవ్వలఁ దలను వంచి
కడపటను నిల్చువాఁడె యగ్రగుఁడు గాదె

నా మాట: అమ్మా, మొదటి పాదం ఈ వారం వచ్చిన పాదాలన్నిటిలోకీ గొప్పది. మోసే నీళ్లకూ కంటి నీటికీ మధ్య మీరు పెద్ద మాట ఏదీ వాడలేదు. బి. నర్సింగరావు తీసిన ‘దాసి’ కూడా అలాగే ఉంటుంది. 1988 నాటి ఆ చిత్రానికి అయిదు జాతీయ పురస్కారాలు వచ్చాయి. నటనకు అర్చనతో పాటు, కళాదర్శకత్వానికి మన కరీంనగర్ ప్రాంతపు చిత్రకారుడు తోట వైకుంఠం కూడా పురస్కారం అందుకున్నారు. దొరల గడి వాకిలి ఎలా ఉంటుందో తాతల నోట విన్న మనకు ఆ చిత్రం బయటివాడు తీసినట్టు అనిపించదు. కాని మూడో పాదం సమస్యతో పొసగలేదు. దాసి స్త్రీ, సమస్యలో ఉన్నది ‘వాఁడె’, ‘అగ్రగుఁడు’. లింగం తప్పింది.

కరీంనగర్ మిత్రురాలు: తప్పు ఒప్పుకుంటున్నాను. రెండో పాదం చివర ‘జూపి’ అని మార్చి, మూడో పాదం ఇలా అంటే సరిపోతుందా?

గడిని నీళ్ళు మోసెడి దాసి కంటి నీరు
మాట లేకయే తెరమీఁద మనకుఁ జూపి
యట్లె నర్సింగరావు తా నడుగు నొదిగి
కడపటను నిల్చువాఁడె యగ్రగుఁడు గాదె

నా మాట: సరిపోయింది. ‘తాన్ + అడుగు’ సంధిలో ‘అ’కారానికి యతి చెల్లుతుంది. ‘అడుగు నొదిగి’ అన్నది దాసికీ దర్శకునికీ ఒకేసారి తగిలింది. పెళ్లిపత్రిక మీద ఈ పేరు ఎనిమిదో చోట కూడా లేదని తలచుకుంటే నాకు కొంచెం సిగ్గు వేసింది, ఎందుకంటే అక్కడ కూర్చున్నవారంతా ఇక్కడివారే.

సిరిసిల్ల మిత్రుని పూరణ

పిట్ట ముట్టక పెట్టిన పిండమెల్ల
నెండిపోవఁగ నిలు వెల్ల నేడ్చి కలిసె
వేణు తొలి సినిమాకె యీ వెలుఁగు దెచ్చెఁ
గడపటను నిల్చువాఁడె యగ్రగుఁడు గాదె

నా మాట: 2023లో వచ్చిన ‘బలగం’ గురించి ఆ సినిమా తీసిన వేణు ఊరివారే రాశారు. పిట్టకు పెట్టుడు మన ఇళ్లలో జరిగే పనే. ముద్ద పెట్టి దూరంగా నిలబడి, కాకి ఎప్పుడు వాలుతుందా అని ఇంటిల్లిపాదీ మెడలెత్తి చూసే ఆ కాసేపట్లో ఎవరూ పక్కవాడి ముఖం చూడరు, చూస్తే తగువు గుర్తొస్తుంది. నల్లిబొక్క (మూలుగ ఎముక) దగ్గర మొదలైన అలక ఎక్కడిదాకా పోయిందో తెలిసినవారికి మీ మొదటి రెండు పాదాలు గొంతుకు అడ్డం పడతాయి. మూడో పాదానికి వచ్చేసరికి ‘ఈ వెలుఁగు దెచ్చె’ అన్నారు. ఏ వెలుగు? వెలుగు తేని దర్శకుడు ఎవరు? సభలో శాలువా కప్పేటప్పుడు అనే మాట పద్యంలోకి వచ్చింది. పైరెండు పాదాల్లో ఉన్న చావు ఇల్లు ఈ పాదంలో ఏమైపోయింది?

సిరిసిల్ల మిత్రుడు: రెండు రోజులు పట్టింది సారూ. దర్శకుని పేరు తీసేశాను. తప్పయితే చెప్పండి.

పిట్ట ముట్టక పెట్టిన పిండమెల్ల
నెండిపోవఁగ నిలు వెల్ల నేడ్చి కలిసెఁ
బాడె మీఁదికిఁ జేరిన పండు ముసలి
కడపటను నిల్చువాఁడె యగ్రగుఁడు గాదె

పరకాల పండితులు: ‘అగ్రగుఁడు’ అంటే ముందు పోయినవాడని కూడా కదా!

నా మాట: సమస్య ఇచ్చిన నాకే ఆ అర్థం తోచలేదు. ఇంటికి పెద్దగా ముందు నడిచినవాడు, అందరికంటే ముందు పోయినవాడు, తన బలగం కలిసేదాకా కదలక కడపటి వరకూ నిలిచినవాడు, ముగ్గురూ ఆ ముసలివాడే.

జనగామ మిత్రుడు: మరి పోటీ దర్శకుల గురించి కదా, ఇందులో దర్శకుడెక్కడ? నా పద్యంలో పేరు లేదని తప్పు పట్టారు, దీంట్లోనూ లేదు.

నా మాట: న్యాయమైన ప్రశ్నే. మీ పద్యంలో పేరు లేకపోతే ఎవరి గురించో తెలియలేదు. దీంట్లో పేరు లేకున్నా ఎవరి సినిమానో మీరూ నేనూ అడగలేదు. అయినా పండితులవారి తీర్పు వేరుగా ఉండవచ్చు.

పరకాల పండితులు: నా ఓటు ‘పాండవులు లేని’ పద్యానికి. మొదటి పాదం నాది గనుక నా ఓటు లెక్కలోకి తీసుకోకండి.

నా మాట: తీసుకోవడం లేదు. మొదటి స్థానం సిరిసిల్లకు, రెండోది హనుమకొండ, కరీంనగర్ పద్యాలకు సమానంగా. పెళ్లిపత్రిక నా సంచిలోనే ఉండిపోయింది. పెళ్లి ఈ గురువారమట, ముహూర్తం ఎన్ని గంటలకో చూసి చెప్పమని చౌరస్తా మిత్రుడు రెండుసార్లు కబురు పంపాడు.