మామోగ్రామ్ నార్మల్, డెన్సిటీ మాత్రం ‘సి’. అల్ట్రాసౌండ్ కూడా అవసరమా?

నాకు 46 ఏళ్లు, మాది ఒంగోలు. గడ్డ, నొప్పి, స్రావం ఏమీ లేవు. మా అమ్మ చెల్లెలికి 52వ ఏట రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆ భయంతో పోయిన నెల మొదటిసారి మామోగ్రామ్ తీయించుకున్నాను. రెండు వైపులా బైరాడ్స్ 1 (అంటే అనుమానించాల్సిందేమీ కనిపించలేదు), డెన్సిటీ సి (అంటే రొమ్ము కణజాలం చాలావరకు దట్టంగా ఉంది) అని రిపోర్టు.

మా డాక్టరమ్మ "ఏం లేదమ్మా, ఏడాది తర్వాత రా" అని ఫైలు మూసేశారు. డెన్సిటీ గురించి అడిగితే "అది చాలామందికి ఉంటుంది" అన్నారు. నిజమే కావచ్చు. కానీ దట్టమైన కణజాలం ఫిల్ములో తెల్లగా పడుతుంది, గడ్డా తెల్లగానే పడుతుంది. ఫిల్మును కిటికీ వెలుగులో పెట్టి చూస్తే సగానికి పైగా మబ్బు పట్టినట్టుంది. పైగా డెన్సిటీ ఎక్కువైతే రిస్కు కూడా కొంత పెరుగుతుందట.

స్కాన్ సెంటరుకు రెండుసార్లు ఫోన్ చేశాను, డాక్టరు రాస్తేనే చేస్తామన్నారు. నెల్లూరులో ఇంకో డాక్టరుకు చూపిస్తే అల్ట్రాసౌండ్ చేయించుకోమన్నారు. అందులో లేనిపోని అనుమానాలు తేలి బయాప్సీ దాకా పోవచ్చని కూడా ఆయనే అన్నారు! టెన్షన్ తగ్గకపోగా పెరిగింది.

నాలాగే బైరాడ్స్ 1, డెన్సిటీ సి వచ్చి, పిన్నికో పెద్దమ్మకో క్యాన్సర్ ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి: మీ డాక్టరు వెంటనే అల్ట్రాసౌండ్ రాశారా, ఏడాది ఆగమన్నారా?