3.7 జీపీఏ (4కి గ్రేడ్ల సగటు) ఉన్నా లెక్క తేలట్లేదు, ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ ఆటల సంస్థ) వాళ్ళ గోల ఎవరికైనా అర్థమైందా??

నిద్రలేని_నాన్న: రాత్రి 9కి కూర్చున్నా, ఇప్పుడు ఒంటిగంట. పాపకి స్కూల్లో 3.7, నేను వేస్తే 3.2 దాటట్లేదు, పైగా కాలేజీ టీమ్‌లో ఆడాలంటే కావాల్సిన 16 కోర్ కోర్సుల్లో (వాళ్ళు లెక్కలోకి తీసుకునే ముఖ్య సబ్జెక్టులు) 9 మాత్రమే కనిపిస్తున్నాయి. పిచ్చెక్కుతోంది, చెప్పండి ప్లీజ్.

ట్రాక్‌మామ్: ఏ గ్రేడ్? కాలేజీ ఆటల్లో ఏ డివిజన్ (1, 2, 3 స్థాయిల్లో)?

సెకండ్‌సర్వ్: ముందు ఎస్ఏటీ (కాలేజీ అడ్మిషన్ల పరీక్ష) రాయించండి సార్, అది లేకపోతే ఏదీ కదలదు.

ట్రాక్‌మామ్: ఎన్‌సీఏఏ ఆ రూల్ 2023 జనవరిలోనే తీసేసిందండీ. కాలేజీ అడిగితే అది అడ్మిషన్ సంగతి, ఎలిజిబిలిటీ (ఆడే అర్హత) కాదు.

సెకండ్‌సర్వ్: రెండూ ఒకటే కదా, సీటు రాకపోతే ఎలిజిబిలిటీ ఏం చేసుకుంటాం

డీ3_అభిమాని: అసలు అందరూ డివిజన్ 1 అని ఎందుకు ఎగబడతారో. డివిజన్ 3లో ఈ 16 కోర్సుల గొడవే లేదు, కాలేజీ తీసుకుంటే చాలు, పిల్లలు చదువుకుంటూ ఆడుకుంటారు. అథ్లెటిక్ స్కాలర్‌షిప్ ఉండదు, నిజమే, కానీ

నిద్రలేని_నాన్న: సారీ, 11వ గ్రేడ్ అయిపోతోంది, డివిజన్ 1, స్విమ్మింగ్. జామెట్రీ సమ్మర్‌లో ఆన్‌లైన్‌లో రెండు వారాల్లో చేసేసింది, ఆల్జీబ్రా 8వ గ్రేడ్‌లోనే అయిపోయింది.

ట్రాక్‌మామ్: ఇది కదా ముందు చెప్పాల్సింది 🙂 మీ స్కూల్ పేరు మీద ఎన్‌సీఏఏ ఒప్పుకున్న కోర్సుల లిస్ట్ ఉంటుంది, దాంట్లో ఉన్నవే లెక్క, పీఈ, బ్యాండ్ పోతాయి. బీ ప్లస్ అయినా బీ మైనస్ అయినా 3 పాయింట్లే, అందుకే 3.7 దిగింది, కావాల్సింది 2.3 కాబట్టి దానికి భయం లేదు. భయమల్లా సీనియర్ ఇయర్ (12వ గ్రేడ్) మొదలయ్యేలోపు 10 కోర్సులు అవ్వాలి, అందులో 7 ఇంగ్లిష్, మ్యాథ్స్, సైన్స్‌లోనివి. టీచర్ లేకుండా క్లిక్ చేసుకుంటూ పోయే ఆన్‌లైన్ కోర్సు ఒప్పుకోరు, జామెట్రీ అలాంటిదేమో చూడండి. 8వ గ్రేడ్ ఆల్జీబ్రా మాత్రం హైస్కూల్ ట్రాన్స్‌క్రిప్ట్‌లో (మార్కుల రికార్డులో) గ్రేడూ క్రెడిటూ రెండూ ఉంటే లెక్కకొస్తుంది, మీ పదోది అదే అవ్వచ్చు.

నిద్రలేని_నాన్న: ట్రాన్స్‌క్రిప్ట్ తీశా. ఆల్జీబ్రా ఎదురుగా 'ఏ' గ్రేడ్ ఉంది, క్రెడిట్ దగ్గర 0.00 😐 పొద్దున్నే కౌన్సెలర్‌ని పట్టుకుంటా. థాంక్స్ అండీ.

డీ3_అభిమాని: నా మాట పూర్తి చేయనివ్వండి ఎవరైనా