అమ్మానాన్నలతో ప్రాగ్‌లో ఒక్క రోజు: గైడును పెట్టుకోవాలా?

ప్రశ్న (డ్రెస్డెన్ నుంచి):
నమస్కారమండీ. అమ్మానాన్నలు తెనాలి నుంచి జర్మనీలో ఉన్న మా దగ్గరికి వచ్చారు. జూన్ మొదటి వారంలో ఒక రోజు చెక్ రాజధాని ప్రాగ్ తీసుకెళ్లాలని ఉంది. పొద్దున రైలెక్కి వెళ్లి రాత్రికి ఇల్లు చేరాలి. నాన్నగారికి 71 ఏళ్లు, లెక్కల మాస్టారుగా చేశారు, పొద్దున్నే పంచాంగం చూడందే కాఫీ ముట్టరు. అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఇద్దరూ గుడ్డు కూడా తినరు.

కోట, వంతెన, గడియారం, యూదుల పేట, పడవ షికారు అన్నీ ఒక్క రోజులో చూపిస్తామనే బృంద యాత్రలు చాలా కనిపిస్తున్నాయి. రెండేళ్ల క్రితం వేరే ఊళ్లో అలాంటి దానిలోనే వెళ్లాం. గొడుగు ఎత్తి పట్టుకున్న గైడు వెనక అందరూ పరుగు, మూడో చోటికే అమ్మ ఒక అరుగు మీద కూలబడింది. ఈసారి అలా కాకూడదు. గైడు లేకుండా మేమే తిరగగలమా?

జవాబు (ప్రాగ్‌లో తొమ్మిదేళ్లుగా ఉంటున్నాను):
గైడును తప్పకుండా పెట్టుకోండి. కానీ మీ కుటుంబానికి విడిగా, నాలుగు గంటల సేపు మాత్రమే. పడవనూ యూదుల పేటనూ ఈసారికి వదిలేయండి. ఆ పేట ఒక్కటే సగం రోజు తీసుకుంటుంది, పైగా శనివారం అక్కడి ప్రార్థనాలయాలూ పాత శ్మశానమూ మూసి ఉంటాయి.

ముందు దారి చెబుతాను. కింది నుంచి కోటకు నడిచి ఎక్కకండి. ప్రధాన రైల్వే స్టేషన్లో మెట్రో సి లైను ఎక్కి రెండో స్టేషను ఐ.పి. పావ్లోవా దగ్గర దిగండి. పైకి వస్తే 22వ నంబరు ట్రామ్. అది నది దాటి, కొండ ఎక్కి, ప్రాజ్‌స్కీ హ్రాద్ స్టాపులో దించుతుంది. అక్కడి నుంచి కోటకు దాదాపు సమతలంగా ఐదు నిమిషాల నడక. చూడటం అయ్యాక మెట్ల దారిన దిగవద్దు. మోకాళ్లకు ఎక్కడం కన్నా దిగడమే కష్టం. మళ్లీ అదే ట్రామ్‌లో కిందికి వచ్చి, మాలోస్ట్రాన్‌స్కే నామ్యెస్తీ స్టాపులో దిగితే చార్లెస్ వంతెన దగ్గరే. రాళ్లు పరిచిన వీధులు కాబట్టి అమ్మగారికి మెత్తటి అడుగున్న బూట్లు వేయించండి, చెప్పులు వద్దు.

ఇక గైడు సంగతి. ఏ గైడయినా తేదీలు వల్లిస్తూనే పోతారు, సాయంత్రానికి ఒక్కటీ గుర్తుండదు. మీరు ముందే ఒకటి అడగండి: "1618 నుంచి 1621 దాకా జరిగిన ఒక్క కథ చెప్పండి చాలు" అని. 1618 మే 23న ప్రొటెస్టెంటు ప్రభువులు కేథలిక్ చక్రవర్తి తరఫు అధికారులు ఇద్దరినీ, వారి గుమాస్తానూ కోటలోని పాత రాజభవనం కిటికీలోంచి కిందికి విసిరేశారు. ముగ్గురూ బతికి బయటపడ్డారు గానీ, ముప్ఫై ఏళ్ల యుద్ధానికి అదే నాంది అయింది. 1620లో ఊరి శివారున తెల్లకొండ దగ్గర తిరుగుబాటుదారులు ఓడిపోయారు. 1621 జూన్ 21న పాత పట్టణం కూడలిలో తిరుగుబాటు నాయకులు 27 మందికి మరణశిక్ష అమలు చేశారు. వారిలో పన్నెండు మంది తలలను వంతెన చివరి బురుజుకు పదేళ్ల పాటు వేలాడదీశారు.

ఇప్పుడు మీ దారి చూడండి. పొద్దున కోటలో ఆ కిటికీ, తర్వాత వంతెన దాటగానే ఆ బురుజు, చివరికి కూడలిలో పురపాలక భవనం గోడ పక్కన నేలలో పొదిగిన 27 తెల్ల శిలువలు. బురుజు, కూడలి వరస కాస్త తారుమారైనా, ఆ ఒక్క కథ వెంటే మీరూ నడుస్తారు. మిగతా వాటిని చూస్తూ సాగిపోవచ్చు. సెయింట్ వీటస్ కేథడ్రల్‌లో మాత్రం కాసేపు కూర్చోండి. 1344లో మొదలైన కట్టడం 1929లో గాని పూర్తి కాలేదు. ఆదివారం మధ్యాహ్నం పన్నెండు దాకా సందర్శకులను రానివ్వరు.

జవాబు (మా అత్తగారితో వెళ్లివచ్చాను):
భోజనం విషయం నేను చెబుతానండీ. "బెజ్ మసా" అంటే మాంసం లేకుండా అని. ఆ ఒక్క మాటే నమ్ముకుని మేము వేయించిన జున్ను తెప్పించాం. పై పొరలో గుడ్డు ఉంటుందని తిన్నాక తెలిసింది. అత్తగారు ఆ రోజు మరేమీ ముట్టలేదు, నాకు ప్రాణం చివుక్కుమంది. "బెజ్ వాయెట్స్", అంటే గుడ్లు లేకుండా అని కూడా కాగితం మీద రాసుకుని చూపించండి. కూరగాయల సూప్ అన్నా మాంసం ఉడికించిన నీటితో చేసి ఉండవచ్చు, అడగండి. అన్నిటికన్నా మేలు, పులిహోర కట్టుకుని వెళ్లడం. మరుగుదొడ్లకు డబ్బు కట్టాలి, చిల్లర నాణేలు దగ్గర పెట్టుకోండి. మెట్రో ఎస్కలేటర్లు చాలా పొడవు, మన దగ్గరి వాటికన్నా వేగం. అమ్మగారి చేయి పట్టుకునే ఎక్కించండి.

మళ్లీ ప్రశ్న (డ్రెస్డెన్ నుంచి):
చాలా మేలు చేశారు. యూరోలు చెల్లుతాయా? వీసా సంగతి ఏమిటి?

జవాబు (ప్రాగ్):
ఇక్కడి కరెన్సీ కొరునాలు. చాలా చోట్ల కార్డు పనిచేస్తుంది. ఏటీఎం "మీ కరెన్సీలోకి మార్చమంటారా" అని అడిగితే వద్దని నొక్కండి, ఆ మారకం రేటు నష్టం. వీధిలో ఎవరైనా దగ్గరికి వచ్చి నోట్లు మారుస్తామంటే ఆగవద్దు, చెల్లని వేరే దేశపు నోట్లు అంటగడతారు. మారకం దుకాణంలో మోసపోయామనిపిస్తే, 1000 యూరోల లోపు మొత్తమైతే మూడు గంటల్లోగా రసీదు చూపి వెనక్కి తీసుకునే హక్కు 2019 నుంచి ఉంది. కాగితం టికెట్ కొంటే ట్రామ్‌లోని పసుపు యంత్రంలో ముద్ర వేయించండి. ముద్ర లేకపోతే టికెట్ ఉన్నా జరిమానా తప్పదు.

జర్మనీకి తీసుకున్న షెంజెన్ వీసా ఇక్కడా చెల్లుతుంది, అదే చాలు. కానీ పాస్‌పోర్టులు అసలువే తెచ్చుకోండి. తిరుగు రైలులో జర్మనీ పోలీసులు అడగవచ్చు.

ఇంకొక మాట. నాన్నగారు పంచాంగం చూస్తారన్నారు కదా, పాత పట్టణం కూడలిలోని ఖగోళ గడియారం దగ్గర అరగంట ఉంచండి. గంట కొట్టే ముందు జనం కిక్కిరిసి ఉంటారు. అస్థిపంజరం తాడు లాగడం, కిటికీల్లో పన్నెండుగురు అపోస్తలుల (యేసు శిష్యుల) బొమ్మలు తిరగడం, కోడి కూయడం అంతా నిమిషంలో ముగుస్తుంది. జనం చెదిరిపోయాకే ముఖఫలకాన్ని తీరిగ్గా చూడండి. 1410 నాటి యంత్రం అది. బయటి వలయంలో 24 అంకె సూర్యాస్తమయానికి గుర్తు. పాత బొహీమియాలో (ప్రాగ్ ఉన్న ఈ ప్రాంతంలో) రోజు అక్కడ మొదలయ్యేది, మనకు సూర్యోదయంతో మొదలైనట్టు. నీలం భాగం మీది వంపు గీతలు పగటిని పన్నెండు భాగాలు చేస్తాయి. పగలు పెరిగితే ఆ భాగమూ పెరుగుతుంది. దినప్రమాణాన్ని, అంటే పగటి నిడివిని, ఎనిమిది భాగాలు చేసి రాహుకాలం లెక్కకట్టే వారికి ఇది వెంటనే అర్థమవుతుంది.

అడిగినవారు (వెళ్లివచ్చాక):
వెళ్లివచ్చాం. మీరు చెప్పిన దారినే తిరిగాం, అమ్మ ఎక్కడా కూలబడలేదు. శిలువల దగ్గర గైడు చెప్పకముందే "ఆ బురుజు మీది పన్నెండు మంది వీళ్లలో వాళ్లేనా?" అని అడిగింది.

గడియారం దగ్గర నాన్నగారు చాలాసేపు కదల్లేదు. ముల్లు మీది బంగారు సూర్యుడు మిథునంలో ఉన్నాడు. "ఈ రోజు సూర్యుడు వృషభంలో కదా, యంత్రం తప్పుతోందా?" అన్నారు. గైడుకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. కాసేపటికి ఆయనే రైలు టికెట్ వెనక వలయం గీసి, రాశులు రాసి చూపించారు: యంత్రం తప్పలేదు, వీళ్లది సాయన లెక్క (వసంత విషువత్తు నుంచి రాశులు లెక్కించేది), మనది నిరయనం (నక్షత్రాలను బట్టి లెక్కించేది), మధ్య తేడా సుమారు 24 డిగ్రీలు. గైడు ఆ టికెట్‌ను ఫోనులో ఫొటో తీసుకుంది.

వెళ్లేవారికి ఒక సూచన: గడియారం ఎదుట కూర్చునే చోటు మాకు దొరకలేదు. తేలికపాటి మడత స్టూలు ఒకటి వెంట ఉంచుకోండి.